ఉచిత వైద్యానికి కూలి ఖరీదు

పేదరికం పిల్లల శరీరాల్లో నమోదవుతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. అత్యంత పేద కుటుంబాల్లో వీరు 46 శాతం, అత్యంత సంపన్న కుటుంబాల్లో 23 శాతం. ఆదివాసీ పిల్లల్లో 41, దళిత పిల్లల్లో 39, ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని వర్గాల్లో 30 శాతం. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెల్లో వర్గమూ కులమూ కలిసే కనిపిస్తాయి.

ప్రభుత్వ వైద్యం ఉచితమే కదా అనే వాదన ఒకటుంది. వ్యవసాయ కూలీ అయిన తల్లి జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి, బస్సు చార్జీ పెట్టుకోవాలి. అందుకే ఆమె పొద్దుపోయాక ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర అప్పుకు సూది వేయిస్తుంది. విరేచనాలతో బిడ్డ చిక్కిపోతుంది. చిక్కిన బిడ్డకు మళ్లీ జబ్బు చేస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినది. జబ్బు ముదిరాక అది ఆదుకుంటుంది. ముదరకుండా ఆపాల్సిన తిండి, నీరు, తొలి వైద్యం మాత్రం ఆ ఇంటి స్తోమతకే వదిలేశాం.

దీనికి కులం మరో దూరాన్ని జోడిస్తుంది. అంగన్‌వాడీ ఊరి నడుమ, వాడ ఊరి చివర ఉన్నచోట బిడ్డను పంపడానికి తల్లి జంకేది నడకకు కాదు, అక్కడ ఎదురయ్యే చూపుకు. కొత్త కేంద్రాల ఏర్పాటులో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులోనే ఆదేశించింది.

తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలను చేర్చుకునే పునరావాస కేంద్రాల్లో తల్లికి కూలి నష్టపరిహారం చెల్లించే పద్ధతి ఉంది. అంటే కూలి నష్టం కూడా వైద్య ఖర్చేనని ప్రభుత్వం అంగీకరించినట్టే. ఆ సూత్రాన్ని బిడ్డ ప్రాణాపాయ స్థితికి చేరకముందే వర్తింపజేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూలీలు ఇళ్లకు చేరే సాయంత్రం వేళ వైద్యులుండాలి. మందులు, పరీక్షలు అక్కడే దొరకాలి. వాడల్లో, గూడేల్లో అంగన్‌వాడీలు నడవాలి. పిల్లల ఆరోగ్య వివరాలను కులాలవారీగా, మండలాలవారీగా ఏటా ప్రకటించాలి. దళిత, ఆదివాసీ పిల్లల ఎదుగుదల సంక్షేమ పథకాల పద్దులో దయతో చేర్చే అంశం కాదు. రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వానికి అది తొలి పరీక్ష.