వేసవి పాటలు – వినువారి తీర్పులు

పాడువాడు ఒక్కడే అయినను పాట ఇద్దరిది. రెండవవాడు వినువాడు. మన ఊళ్ళలో ముషాయిరా జరిగిన రాత్రులను చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. షాయరు ఒక పాదము చదివి ఆగును. సభ ‘వాహ్ వా’ అన్నచో ఆ పాదమునే తిరిగి చదువును. సభ మౌనము వహించినచో తరువాతి పాదమునకు సాగిపోవును. హరికథలో దాసుగారు సైతము శ్రోతల ముఖములను చూచియే కథను పెంచుటయు, కుదించుటయు కలదు. కనుక వినుట యనగా ఊరక కూర్చుండుట కాదు, అదియొక పని. ఆ పనిని మన విద్యార్థులు, వారితోపాటు మేమును, ఎంత శ్రద్ధతో చేయుచున్నామో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

దీనికి కారణమైన సంఘటన చిన్నది. గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు డిగ్రీ రెండవ సంవత్సరపు తరగతికి ఒక విద్యార్థి నల్లని టీషర్టు తొడుగుకొని వచ్చెను. దానిపై గుండ్రని ముద్ర, ముద్రలో ఒక గ్రద్ద, పైన ‘రామోన్స్’ అను అక్షరములు. “ఇదేమిటి నాయనా?” అని అడిగితిమి. “ఏదో కంపెనీ పేరు సార్, బజారులో చవకగా వస్తే కొన్నాను” అని బదులు చెప్పెను. ప్రక్కనున్న మరియొకడు లేచి, “కంపెనీ కాదు సార్, పిచ్చికేకలు వేసే అమెరికా వాళ్ళ బ్యాండు” అనెను. “నీవు విన్నావా?” అంటిమి. “లేదు సార్, విన్నవాళ్ళు చెప్పారు” అనెను. తరగతి నవ్వినది. మేమును నవ్వి పాఠమునకు మరలితిమి. ఒకడు వినకయే ధరించెను. ఒకడు వినకయే నిందించెను. మేము వినకయే నవ్వితిమి. ఆ రాత్రి మా నవ్వు మాకే రుచింపలేదు.

తరువాత తెలిసికొన్న విషయములు ఇవి. రామోన్స్ అనునది న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతపు యువకులు నలుగురు 1974లో ఏర్పరచుకొన్న బృందము. వారు అన్నదమ్ములు కారు. అయినను అందరును ‘రామోన్’ అను ఇంటిపేరు పెట్టుకొనిరి. షర్టుపై నున్న ముద్రను ఆర్టురో వేగా అను చిత్రకారుడు అమెరికా అధ్యక్షుని అధికార ముద్రను అనుకరించి రచించెను. అందలి గ్రద్ద ఒక కాలితో ఆపిల్ కొమ్మను, రెండవ కాలితో బేస్‌బాల్ బ్యాటును పట్టుకొని యుండును. పంక్ రాక్ అను సంగీతమునకు ఈ బృందమువారు ఆద్యులలో చేరినవారు. అందలి ఉద్రేకమునకు తీయని వరుసలు జోడించి, తరువాతి కాలమున పాప్ పంక్ అని పేరొందిన శాఖకు దారి వేసినవారును వీరే.

వీరి మూడవ ఆల్బమ్ ‘రాకెట్ టు రష్యా’ 1977 నవంబరు 4వ తేదీన వెలువడినది. ఇందు 14 పాటలు కలవు. అన్నియు కలిసి అరగంటకు కొంచెము మాత్రమే ఎక్కువ. చలి మొదలగు నవంబరులో వచ్చినను ఇది వేసవి సంపుటమే. క్వీన్స్‌లో అట్లాంటిక్ తీరమున రాకవే బీచ్ కలదు. నగరపు ఉక్కనుండి ఆ తీరమునకు పారిపోవలెనను కోరికతో డీ డీ రామోన్ వ్రాసిన పాట ఇందలి ముఖ్యమైన వానిలో ఒకటి. బాబీ ఫ్రీమన్ 1958లో పాడిన నృత్యగీతమును, ట్రాష్‌మెన్ బృందము 1963లో పాడిన సముద్రతరంగ క్రీడాగీతమును వీరు తమ వేగముతో తిరిగి పాడిరి. జానీ రామోన్ గిటారు తంత్రులను పైనుండి క్రిందికి మాత్రమే మీటును. విడిగా నిలబడి ప్రతిభ చూపు గిటారు విన్యాసములు దాదాపు లేవు.

సెలవులకు ముందటి శనివారము పన్నెండుమంది విద్యార్థులతో కలిసి, తెలుగు శాఖ గదిలో, ఈ ఆల్బమును మొదటినుండి తుదివరకు వింటిమి. విన్న పిదప ప్రతివారిని పేరు వ్రాయక చీటీపై తమ అభిప్రాయము వ్రాయుమంటిమి. వానిలో నాలుగు చీటీలను ఇచ్చట ప్రస్తావింతుము.

మొదటి చీటీ: “ఇవి పద్నాలుగు పాటలు కావు, ఒకే పాట పద్నాలుగు సార్లు.” రెండవది: “మే నెలలో కరెంటు పోయిన సాయంత్రం మేడమీదికి పరుగెత్తినట్లు ఉంది.” మూడవది: “మాటల్లో కవిత్వం లేదు. చిన్నపిల్లల మాటలు.” నాలుగవది: “పాట నవ్వుతోంది, పాడేవాడు నవ్వడం లేదు.”

మొదటి తీర్పులో సగము సత్యము కలదు. వేగము ఒకటే, స్వరముల కూర్పులు మూడు నాలుగే. కాని గజల్ నెరుగనివానికి గజళ్ళన్నియు ఒకటే; ఛందస్సు నెరుగనివానికి సీసమునకును ఉత్పలమాలకును భేదము లేదు. పోలిక మొదట కనబడును. భేదము కనబడుటకు పరిచయము కావలెను. వారము గడచిన పిదప ఆ చీటీ వ్రాసినవాడే వచ్చి, “మూడవ పాట వేరు సార్, అది నెమ్మదిగా ఉంది, దుఃఖంగా ఉంది” అని చెప్పెను. అది ఎడబాటును గూర్చిన పాట. అతడు మరల వినుటచేతనే దానిని కనుగొనెను.

రెండవ తీర్పును మేము అన్నిటికంటె ఎక్కువగా ఆదరించితిమి. అందు పాండిత్యము లేదు. విన్నవాని ఒంటికి కలిగిన అనుభవము కలదు. న్యూయార్కు ఉక్కను గూర్చిన పాట మన మే నెల ఉక్కను గుర్తు చేసిన దనగా పాట తన పని చేసినదనియే అర్థము.

మూడవ తీర్పుతో మేము పూర్తిగా ఏకీభవింపలేము. మాటలు తేలికవే. కాని ‘మేము సుఖముగా నున్న కుటుంబము’ అని పదేపదే చెప్పుకొను ఒక పాటలో ఆ ఇంట సుఖమైనది ఒక్కటియు లేదు. అది వ్యంగ్యము. దానిని మన అలంకారశాస్త్రము ఎరుగని దేమియు కాదు.

నాలుగవ చీటీ వ్రాసినవారికి గాయకుని చరిత్ర తెలియదు. జోయీ రామోన్ యౌవనమున మానసిక వ్యాధికై ఆసుపత్రిలో చికిత్స పొందినవాడు. ఈ ఆల్బములో చికిత్స, మెదడు, బాగుపడవలెనను కోరిక మాటిమాటికి వచ్చును. మెదడును కోసి చేయు లోబోటమీ చికిత్సను గూర్చి ఒక పాటయే కలదు. ఆ పద్ధతిని కనిపెట్టిన వైద్యునికి 1949లో నోబెల్ బహుమతి లభించినది. తరువాత వైద్యలోకమే దానిని విడిచిపెట్టినది. వ్యాధిపీడితులను గూర్చిన పరిహాసము తగునా అను ప్రశ్నను మేము తోసిపుచ్చము. కాని పరిహసించువాడు ఆ బాధను అనుభవించినవాడే యైనపుడు తీర్పు కొంత ఆగవలెను.

ఇక లోకపు తీర్పు. అమెరికా పట్టికలలో ఈ ఆల్బము 49వ స్థానమును, రాకవే బీచ్ పాట 66వ స్థానమును మించి ఎక్కలేదు. విమర్శకులు మెచ్చిరి, కొనువారు రాలేదు. 1994లో, ఈ బాటలోనే నడచిన గ్రీన్ డే బృందపు ‘డూకీ’ వెలువడి, కాలక్రమమున అమెరికాలోనే కోటికి పైగా ప్రతులు అమ్ముడైనది. 2002లో రామోన్స్‌కు రాక్ సంగీత గౌరవమందిరమున స్థానము లభించినపుడు వారి పాటలను పాడినది ఆ గ్రీన్ డే వారే. జోయీ అప్పటికి ఏడాది క్రితమే మరణించెను. వీరి మొట్టమొదటి ఆల్బము 1976లో రాగా, 5 లక్షల ప్రతులకు ఇచ్చు స్వర్ణ గుర్తింపు దానికి 2014లో వచ్చినది. మూలసభ్యులు నలుగురిలో అప్పటికి మిగిలిన టామీ అదే సంవత్సరము జూలైలో కన్నుమూసెను.

ఈ చరిత్రనుండి ‘కాలమే న్యాయము చేయును’ అను నీతిని తీయుట సులభము. మేము తీయము. ముప్పదియెనిమిది ఏండ్లకు వచ్చిన న్యాయము ముగ్గురికి అందలేదు. పైగా ఆలస్యముగా వచ్చిన కీర్తి యంతయు వినుటవలన వచ్చినది కాదు. షర్టు కొని పాట నెరుగనివారు ప్రపంచమంతట కలరు. వినక నిందించుట యెట్లో, వినక మెచ్చుటయు అట్లే. ఈ రెండింటిలోను పాడినవానికి శ్రోత లభింపలేదు.

మన తరగతులలోను ఇదియే జరుగుచున్నది. పరీక్షలో ‘ఈ కవి శైలి ద్రాక్షాపాకము’ అని వ్రాయు విద్యార్థి ఆ కవి పద్యము నొక్కదానిని గొంతెత్తి చదివియుండడు. ‘గాలిబు మహాకవి’ అని వ్రాయువాడు ఒక్క షేరునకైనను తన మాటలలో అర్థము చెప్పజాలడు. అట్టి జవాబులకు మేమే మార్కులు వేయుచున్నాము. ఈ దోషములో మా భాగము తక్కువ కాదు.

కావున కళాశాల కార్యవర్గమువారికి మా మనవి ఒకటి. నెలకొక శనివారము మధ్యాహ్నము ఒక గంటను శ్రవణ గోష్ఠికై కేటాయింపుడు. ఒక నెల కవ్వాలి, ఒక నెల త్యాగరాజ కీర్తన, ఒక నెల జానపదము, ఒక నెల ఇటువంటి పాశ్చాత్య సంగీతము వినవచ్చును. నియమము ఒక్కటే: తుదివరకు వినవలెను, విన్న పిదప వ్రాయవలెను. ఖర్చు స్వల్పము; గది కలదు, స్పీకరు కలదు. విదేశపు కేకలు విద్యార్థులను చెడగొట్టునని కొందరు పెద్దలు శంకింపవచ్చును. వారు ఆ కేకలను చేతి ఫోనులో ఒంటరిగా ఎటులనైనను విందురు. మా యెదుట విన్నచో ‘ఇది తగునా?’ అని అడుగుటకు ఒకరుందురు. ఆ పెద్దలును వచ్చి చీటీ వ్రాయవలెనని మా కోరిక. నచ్చలేదని వ్రాసినను ఆ చీటీని గౌరవముతో చదువుదుము.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు రామోన్స్ నచ్చవలెనని మేము చెప్పుటలేదు. మాకే అందు కొన్ని పాటలు నేటికిని నచ్చలేదు. నచ్చినను నచ్చకున్నను ఆ మాట మీ చెవులనుండి రావలెను. ఆ నల్లషర్టు విద్యార్థి ఇప్పటికిని దానినే తొడుగుకొని వచ్చుచున్నాడు. మొన్న క్రొత్తగా చేరినవాడొకడు “అది ఏ కంపెనీ?” అని అడుగగా, “కంపెనీ కాదు, సాయంత్రం రా, వినిపిస్తాను” అని అతడు చెప్పుచుండగా మేము వరండాలో వింటిమి.