అడక్కుండానే ఇచ్చారా?

మొన్నొక సాహిత్య సభలో ఓ పెద్దాయన మైకు పట్టుకుని, "పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్లు ఓటు కోసం జైళ్లకి పోయారు. మనం అడక్కుండానే ఇచ్చేశాం" అన్నాడు. హాలంతా చప్పట్లు. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ చప్పట్లు వెనక్కి తీసుకోడానికే ఇది రాస్తున్నాను.

అడక్కుండానేనా? 1917 డిసెంబర్ 18న మద్రాసులో మాంటేగు, చెమ్స్‌ఫర్డుల ముందుకి ఒక మహిళా బృందం వెళ్లింది. ముందు నడిచింది మన హైదరాబాదు సరోజినీ నాయుడు. వెనకుండి పని నడిపింది మార్గరెట్ కజిన్స్. మదనపల్లెలో ఉంటున్న ఐరిష్ మనిషి, అంతకుముందే ఓటు కోసం జైలుకెళ్లొచ్చినావిడ. వాళ్లు అడిగింది ఒకటే: ప్రజలు అనే మాటలో మమ్మల్నీ కలపండి.

కలపలేదు. ఈ దేశపు ఆచారాలకి ఇది ఇంకా తొందరే అని సౌత్‌బరో కమిటీ తేల్చేసింది. 1919 చట్టం ఆ బరువు రాష్ట్రాల శాసనసభల మీదకి తోసేసింది. 1921లో మద్రాసు ఒప్పుకుంది. అదే ఏడు బెంగాల్ కాదంది, 1925దాకా ఆగింది. ఒక్కో గడపకీ వెళ్లి అడిగి తెచ్చుకున్నదాన్ని మనం కానుక అంటున్నాం.

తెచ్చుకున్నదైనా ఎవరికి? ఆస్తి ఉన్నవాళ్లకే. ఆడవాళ్ల పేరున ఆస్తి ఎంతుండేదో మనకి తెలీదా? కూలికెళ్లే మనిషికి ఆ ఓటు దక్కలేదు, ఇది దాచాల్సిన పని లేదు. 1935 చట్టం ఇంకో దారి చూపించింది: ఆస్తి ఉన్నవాడికి భార్యవో, వితంతువువో అయితే ఓటు. ముత్తులక్ష్మీ రెడ్డి, అమృత్ కౌర్ లాంటివాళ్లు ఈ పద్ధతి వద్దన్నారు. మొగుణ్ణి బట్టి కాదు, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఇవ్వమన్నారు.

రాజ్యాంగం 326వ అధికరణంతో అందరికీ ఒకేసారి ఓటు వచ్చిన మాట నిజం. గొప్ప పనే. కానీ ఆ రాజ్యాంగ సభలో దుర్గాబాయితో సహా ఆడవాళ్లూ కూచున్నారు. మరి "మనం ఇచ్చాం" అన్నప్పుడు ఆ 'మనం' ఎవరు?

ఇచ్చాకైనా సాఫీగా అందిందా? మొదటి సాధారణ ఎన్నికల జాబితాల్లో, ముఖ్యంగా ఉత్తరాదిలో, లక్షలమంది ఆడవాళ్లు ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి కూతురు అనే నమోదయ్యారు. సొంత పేరు చెప్పాల్సిందేనని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. చివరికి సుమారు 28 లక్షలమందిని తీసేశారు. ఓటు పేరున్న మనిషిదే అనడం సబబే. కానీ శిక్ష పడింది పేరు బయటికి రానివ్వని ఇంటికి కాదు, ఆ ఇంట్లో ఉన్నావిడకి.

మా నానమ్మ అసలు పేరు నేను మొదటిసారి చూసింది ఆవిడ ఓటరు స్లిప్పు మీదే. ఇంట్లో అందరికీ ఆవిడ పెద్దమ్మే. ఎవరికేశావే నానమ్మా అంటే నవ్వి ఊరుకునేది. తాతయ్యక్కూడా చెప్పేది కాదు. ఆయన మాత్రం "నేను చెప్పినవాడికే వేసుంటుంది" అని అరుగు మీద అందరికీ చెప్పుకునేవాడు.

ఆ అరుగు ఇవాళ మన ఫోన్లలోకొచ్చింది. ఆడవాళ్లు పథకాలకి అమ్ముడుపోతారట! మగాడు కులం చూసి ఓటేస్తే చైతన్యం, ఆడది గ్యాస్ బండ ధర చూసి వేస్తే అమ్ముడుపోవడం. వంటింటి ఖర్చు రాజకీయం కాదని ఎవరు తేల్చారు? 1919లో ఆచారం అన్నారు, 1935లో మొగుడన్నారు, ఇప్పుడు పథకం అంటున్నారు. సాకు మారింది గానీ అనుమానం అదే.

చట్టసభల్లో మూడో వంతు సీట్ల చట్టం 2023లో వచ్చింది. జనగణన, డీలిమిటేషన్ అయ్యాకే అమలని అందులోనే రాసుకున్నారు. మళ్లీ అదే పాట: ఇస్తాం, ఇంకా టైమవలేదు. ఇది కూడా ఎప్పుడో వస్తుంది. అప్పుడూ ఎవరో ఒకాయన మైకు పట్టుకుని అడక్కుండానే ఇచ్చామంటాడు. ఈసారి నేను చప్పట్లు కొట్టను. మీరూ కొట్టకండి.