మన ఇల్లు లక్క ఇల్లు కాకూడదు!

శంషాబాద్‌లో కాపురం ఉంటున్న మాకు విమానం చప్పుడు కొత్త కాదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణీకుల విమానాలు ఇటు వచ్చేసిన దగ్గర్నుంచీ, మేడ మీద వడియాలు పెడుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. మనం తలెత్తి చూడడం ఎప్పుడో మానేశాం. పిల్లలు మాత్రం మానరు. తోక మీది రంగు చూసి ఏ కంపెనీ విమానమో ఇట్టే చెప్పేస్తారు.

మా అబ్బాయికి ఆ పిచ్చి కాస్త ఎక్కువే. 2024 జనవరిలో బేగంపేటలో జరిగిన ప్రదర్శనకు బోయింగ్ 777ఎక్స్ వచ్చినప్పుడు వెళ్ళి చూసొచ్చాడు. అప్పట్నుంచీ బొమ్మ విమానాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. బొమ్మలంటే సంతలో దొరికేవి కావండీ. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు విడివిడిగా వస్తాయి. వాటిని కోసి, అరగదీసి, అతికించి, అసలు విమానానికి అచ్చు నకలులా రంగు వేయాలి. 'స్కేల్ మోడల్' అంటారు. ఏ320 విమానం పొడవు 37.57 మీటర్లు. దాన్ని 144వ వంతుకు తగ్గిస్తే 26 సెంటీమీటర్లు. మన చపాతీ కర్ర కన్నా కాస్త పొట్టి!

"పోనీలే, ఫోను పట్టుకు కూర్చోకుండా చేతులతో ఏదో చేస్తున్నాడు" అని సంతోషించాను. మీరైనా అలాగే అనుకుంటారు కదూ? కాని పోయిన శ్రావణంలో జరిగింది చెబుతాను, వినండి.

ఆ శుక్రవారం

మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. ఏడో నెల. బయట వాన. కిటికీలన్నీ మూసేశాం. నేను పూజ గూట్లో దీపం వెలిగించి, వంటింట్లో పరమాన్నం కలుపుతున్నాను. పక్క గదిలో అబ్బాయి తలుపు వేసుకుని కంప్రెసర్ ఆన్ చేశాడు. కాసేపటికి ఘాటైన వాసన... కార్ల షెడ్డు ముందు నుంచి వెళుతుంటే వస్తుందే, అదే వాసన. "అమ్మా, తల తిరుగుతోందే" అంటూ అమ్మాయి గోడ పట్టుకుని వచ్చింది.

ఒక్కసారి చుట్టూ చూశాను. ఇటు స్టవ్ మంట, అటు దీపం, మధ్యలో నిండు మనిషి! స్టవ్ కట్టేశాను. శుక్రవారం పూట అని మనసు ఒప్పకపోయినా, పువ్వుతో దీపం కొండెక్కించాను. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టాను. డాక్టరమ్మ చూసి భయం లేదన్నారు. అప్పటిదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఇంటికొచ్చాక అబ్బాయిని పట్టుకుని, "ఈ సామానంతా తీసుకెళ్ళి పారేయ్!" అని కేకలేశాను. వాడు ఎదురు చెప్పలేదు. సగం రంగు వేసిన విమానం చేతిలో పెట్టుకుని, "అక్క బిడ్డ ఉయ్యాల మీద కడదామనుకున్నానమ్మా" అన్నాడు.

ఇంకేమంటాను? పారేయడం ఒక్క నిమిషం పని. తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. నేను తెలుసుకున్నది మీకూ చెప్పాలనే ఈ వారం వంటలు పక్కన పెట్టాను.

అసలు ఏమిటీ లాకర్?

మనకు లక్క తెలుసు. ఏటికొప్పాక బొమ్మల మీద నిగనిగలాడేది అదే. తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది. అక్కడ థిన్నర్‌తో పనిలేదు. 'లాకర్' అన్న ఇంగ్లీషు మాటకు మూలం మన లాక్షే. కాని ఇప్పటి లాకర్ రంగుల్లో లక్క ఉండదు. కొన్నిటిలో నైట్రోసెల్యులోజ్, కొన్నిటిలో ఎక్రిలిక్ రెసిన్ ఉంటుంది. వాటిని కరిగించి ఉంచేది ఘాటైన థిన్నర్. నిర్మల్ బొమ్మలకు వేసే డ్యూకో రంగులు కూడా ఈ కుటుంబానివే. జపాన్ నుంచి వచ్చే టామియా, మిస్టర్ కలర్ లాంటి సీసాలు బొమ్మ విమానాల వాళ్ళకు బాగా తెలుసు.

"ఇంత గొడవ ఎందుకు, కుంచెతో వేయకూడదా?" అని నేనూ అడిగాను. వాడు చెప్పిన లెక్క విని నోరు మూసుకున్నాను. కుంచె గీత పదోవంతు మిల్లీమీటరు ఎత్తున నిలిచిందనుకోండి. 144 రెట్లు పెంచి చూస్తే, అసలు విమానం మీద దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు గట్టు కట్టినట్టు! అందుకే ఎయిర్‌బ్రష్ కావాలి. మన చిన్నప్పటి ఫ్లిట్ పంపు గుర్తుందా? అదే పెన్ను సైజులో ఉంటుంది. కంప్రెసర్ గాలి తోస్తుంటే, 0.3 మిల్లీమీటర్ల సన్నటి రంధ్రంలోంచి రంగు మంచు తుంపరలా వస్తుంది.

ఇక లాకరే ఎందుకంటే, నీళ్ళ రంగులు మన ఎండాకాలంలో ఆ సూది మొన మీదే ఎండి అడ్డుపడతాయి. లాకర్ పల్చగా జారుతుంది, బొమ్మ మీద పడ్డాక నిమిషాల్లో ఆరుతుంది. పైగా రెండో పూత మొదటి పూతను కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది. అందుకే అంత గట్టిగా పట్టుకుంటుంది. త్వరగా ఆరడమంటే ఏమిటి? ఆ థిన్నర్ అంతా త్వరగా గాలిలోకి పోవడమే. అంటే మన ముక్కులోకి!

గ్యాసు గురించి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు

గ్యాసు లీకైతే గాలి కన్నా బరువు కనుక నేల మీదకు దిగి పాకుతుందని మనందరికీ తెలుసు. థిన్నర్ ఆవిరీ అంతే. తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి వచ్చేస్తుంది. దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, స్టవ్, చివరకు స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ... ఏదైనా చాలు. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోతుందనుకుంటాం. దాని మోటారులోనూ రవ్వ రావచ్చు. ఏసీ వేస్తే ఆ గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది.

ఇక ఒంటి సంగతి. తలనొప్పి, కళ్ళు మండడం, వికారం, తల తిరగడం మొదట కనిపించేవి. కొన్ని థిన్నర్లలో ఉండే టోలీన్‌ను ఎక్కువగా, ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలకు చేటు. గర్భిణీలు, పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మరో మాట: కరోనా రోజుల్లో కొన్న ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుంది కాని ఈ ఆవిరిని ఆపదు. రెండు పక్కలా బొగ్గు డబ్బీలుండే రబ్బరు మాస్కు కావాలి. 'ఆర్గానిక్ వేపర్' అని అడగండి. పని కాగానే దాన్ని మూత గట్టిగా పడే సంచిలో పెట్టకపోతే, ఆ బొగ్గు ఊరికే గాలి పీల్చుకుని పాడవుతుంది. పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే డబ్బీలు మార్చాల్సిందే.

మా వీధి చివర కార్లకు రంగు వేసే మేస్త్రి ఉన్నాడు. ఆయన్నడిగితే ఒక్కటే అన్నాడు: "థిన్నర్‌తోటి పరాచికాలొద్దమ్మా. మేము షెడ్డు గేట్లన్నీ తెరిచి కొడతం. బీడీ తాగేటోణ్ణి దగ్గరికి రానియ్యం." పెద్ద పుస్తకాల్లో ఉన్నదీ అదే కదా!

మేడ మీదికి మకాం

అబ్బాయీ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. రంగు పని ఇంట్లో కాదు, మేడ మీదే. మెట్ల గది నీడలో టీవీ అట్టపెట్టె పడుకోబెట్టి, దానిలో విమానాన్ని పెడతాడు. గాలి తన వెనక నుంచి పెట్టెలోకి వీచేలా కూర్చుంటాడు. ఆ పూట అక్కడ వడియాలు, బట్టలు ఉండవు. అపార్టుమెంటు బాల్కనీ అయితే పక్కవాళ్ళ వంటింటి కిటికీ ఎటుందో చూసుకోండి. ముందు వాళ్ళతో ఒక మాట చెప్పడం మర్యాద కూడాను.

వాన రోజు రంగు పని బంద్. ఇది ఒక్క ఆరోగ్యం కోసమే కాదు. ఆ శుక్రవారం వాడు వేసిన నీలం తోక మీద తెల్లటి పొర కమ్మేసింది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది. గాలిలో తేమ ఉంటే దాని మీద చెమ్మ పట్టి, రంగు పాలిపోతుంది. చల్లటి గ్లాసు బయట చెమట పట్టినట్టే. పొడిగా ఉన్న రోజున, మెల్లగా ఆరే థిన్నర్ పల్చగా కొడితే చాలా మటుకు పోయింది.

వంటమ్మలం కనుక కొలత మనకు తెలుస్తుంది. రంగు పాలంత పల్చగా ఉండాలి. సాధారణంగా ఒక వంతు రంగుకు ఒకటి నుంచి రెండు వంతుల థిన్నర్. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పి.ఎస్.ఐ. ఒకేసారి దట్టంగా కొట్టకూడదు. దోసె మీద నూనె చిలకరించినట్టు మొదట పల్చని తుంపర, అది ఆరాక ఇంకో పూత. దట్టంగా కొడితే థిన్నర్ ఆ ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్.సి. థిన్నర్ మరీ ఘాటు. దాన్ని ఎయిర్‌బ్రష్ కడుక్కోవడానికి ఉంచుకుని, రంగులో ఆ రంగు కంపెనీ థిన్నరే కలపమనండి. ముందుగా ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ చెంచా మీద వేసి చూసుకుంటే విమానం పాడవదు. మా ఇంట్లో చెంచాలన్నీ ఎక్కడికి పోతున్నాయో నాకు అప్పుడు తెలిసింది!

అన్నట్టు, విదేశాల నుంచి వచ్చే బంధువులకు "రంగులు తెచ్చిపెట్టండి" అని చెప్పేవాళ్ళున్నారు. చెప్పకండి. లాకర్ రంగులు, థిన్నర్ మండే సరుకు. చేతి సంచిలోనే కాదు, లోపల వేసే పెట్టెలో కూడా విమానం ఎక్కనివ్వరు. ప్లాస్టిక్ ముక్కల పెట్టె వరకు తెప్పించుకోవచ్చు.

బడిపిల్లలకైతే లాకర్ అసలు వద్దు. నీళ్ళతో కలిపే ఎక్రిలిక్ రంగులు ఇచ్చి, కుంచెతోనే మొదలుపెట్టించండి. 'ఎక్రిలిక్' అన్నంత మాత్రాన నమ్మేయకండి. కొన్నిటిలో స్పిరిట్ ఉంటుంది. సీసా మీద మంట గుర్తు ఉందేమో చూసి కొనండి.

గుర్తుంచుకోండి

• థిన్నర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో, మంచినీళ్ళ సీసాలో ఎన్నడూ పోయకండి. వచ్చిన డబ్బాలోనే, పేరు కనిపించేలా, వంటింటికీ పిల్లల చేతికీ దూరంగా ఉంచండి.

• పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ప్రమాదం. ఆ డబ్బాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

• కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించండి. చేతికి అంటితే సబ్బుతో కడగండి.

• థిన్నర్ అంటుకుంటే నీళ్ళు కుమ్మరించకండి. మంట నీటి మీద తేలి పాకుతుంది. చిన్న గిన్నె అయితే మూత వేయండి, లేదా ఇసుక పోయండి. మేడ మీద ఒక బకెట్ ఇసుక పెట్టుకోవడం మంచిది.

• వాడిన థిన్నర్‌ను సింకులో పోయకండి. మూత ఉన్న డబ్బాలో కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైన తేరినది ఎయిర్‌బ్రష్ కడగడానికి మళ్ళీ పనికొస్తుంది.

• తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి ఇంట్లో పడేయకుండా, ఆరుబయట పరిచి ఆరనిచ్చి, విడిగా పారేయండి.

భారతంలో లక్క ఇల్లు ఎందుకు కట్టించారు? ఇట్టే అంటుకుంటుందని. విదురుడు ముందే హెచ్చరించబట్టి పాండవులు బతికి బయటపడ్డారు. ఆ విదురుడు పాండవుల్ని ప్రయాణం మానుకోమనలేదు, మెలకువగా ఉండమన్నాడు. మన పిల్లల సరదాల విషయంలో మన పనీ అదే అనిపిస్తుంది నాకు. తలుపు వేసుకుని చేస్తుంటే తలుపు తట్టండి. ఏం చేస్తున్నావని కోప్పడే ముందు, ఎలా చేస్తున్నావని అడగండి. మీ అబ్బాయికైనా, అమ్మాయికైనా, ముందు ఆ బొగ్గు డబ్బీల మాస్కు కొనివ్వండి.

మా అమ్మాయికి పండంటి పాప పుట్టింది. విమానం రంగు పూర్తిగా ఆరి, వాసనంతా పోయేదాకా రెండు వారాలు మేడ మీదే ఉంచి, ఉయ్యాల నాడు పైన ఎత్తుగా కట్టాం. నీలం తోక విమానం ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతుంటే పాప కళ్ళార్పకుండా చూస్తుంది. బయట నిజం విమానం వెళ్ళినా ఉలిక్కిపడదు. శంషాబాద్ పిల్ల కదండీ మరి!