కెమెరా ఎవరి ముఖానికి కొలత పెట్టింది?

ఫొటోగ్రాఫర్‌ని చేసేది నైపుణ్యమా, సృజనా? ఈ చర్చను ఒకసారి స్టూవర్టుపురం తీసుకురండి మిత్రులారా.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. 1913లో ఎరుకలను ఇక్కడ సాల్వేషన్ ఆర్మీ కాపలాలో పెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1909లో, ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. ముక్కుల వెడల్పు కొలిచాడు, ఫొటోలు వేశాడు. పనితనానికేం లోటు? ఎదురుగా ఉన్నది మనిషి కాదు, నమూనా. అంతే.

పోనీ సృజనకారులు? ముడతలు, చుట్టపొగ, గుడిసె వెతుక్కుని బ్లాక్ అండ్ వైట్‌లో పట్టుకుపోతారు. డిగ్రీ చదివే పిల్ల వాళ్ల ఫ్రేముకి పనికిరాదు. (2023లో ఈ ఊరి మీద పెద్ద సినిమా వచ్చింది. హీరో ఎవరు? దొంగే.)

అందుకే "టెక్నిక్‌దేముంది, మనసుంటే చాలు" అని మన పిల్లలకు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కెమెరా మీటర్ కనిపించినదాన్నంతా నడిమి బూడిదరంగుగా లెక్కేస్తుంది. సున్నం కొట్టిన గోడ ముందు నల్లటి నాయనమ్మను నిలబెట్టి ఆటోలో నొక్కండి, ఆమె ముఖం మసిముద్ద. కొడాక్ ఏళ్ల తరబడి రంగులు సరిచూసుకున్నది కూడా తెల్ల అమ్మాయి బొమ్మతోనే, 'షర్లీ కార్డు' అనేవారు. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే నాయనమ్మ కళ్లు కనిపిస్తాయి. గోడ వెలిసిపోతే పోనీ, ఆమె కనపడాలి అని తేల్చుకోవడాన్ని ఏ గడిలో వేస్తారు, నైపుణ్యంలోనా, సృజనలోనా?

మీ కాలేజీ బీరువాలో కెమెరా మూలుగుతుంటే తాళం తీయమని అడగండి. ముందు మాన్యువల్ మోడ్ నేర్చుకోండి.