ఓడిపోయే హక్కు కూడా కావాలి

మన పత్రికలో క్రికెట్టేమిటి, అందులోనూ మగవాళ్ల క్రికెట్టేమిటి అని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. వరకట్నం, గృహహింస, కూలిరేట్లు, భూమి పట్టాలు, ఇన్ని సమస్యలుండగా బ్యాటూ బంతీ గురించి పేజీలు ఎందుకు ఖర్చుపెట్టాలని అడగవచ్చు. ఎవరికి అవకాశం ఇవ్వాలి, ఎవరిని "నీకింకా అర్హత రాలేదు" అని వెనక్కి పంపాలి అన్న నిర్ణయం ఎవరి చేతుల్లో ఉందన్నది ఆడవాళ్ల సమస్యే. ఆ నిర్ణయం జరిగే తీరు ఆటస్థలంలో కనిపించినంత బాహాటంగా మరెక్కడా కనిపించదు. అందుకే రాస్తున్నాను.

2025 అక్టోబరులో ఒమన్‌లో పురుషుల ట్వంటీ20 ప్రపంచకప్‌కు ప్రాంతీయ అర్హత పోటీలు జరిగాయి. ఆసియా, తూర్పు ఆసియా, పసిఫిక్ ప్రాంతాల నుంచి తొమ్మిది జట్లు వచ్చాయి. ఉన్నవి మూడు చోట్లు. నేపాల్, ఒమన్, యు.ఎ.ఇ. జట్లు వాటిని దక్కించుకున్నాయి. జపాన్, సమోవా, కతార్, మన గోదావరి, కడప జిల్లాల ఆడవాళ్లు ఇళ్లలో పనికి వెళ్లే కువైట్, ఇంకా మరికొన్ని జట్లు ఓడి ఇంటిదారి పట్టాయి. ఓడినందుకు వాళ్లనెవరూ "మీకెందుకయ్యా ఈ ఆట?" అనలేదు. మళ్లీ పోటీ పెడతారు, మళ్లీ పిలుస్తారు. ప్రాంతీయ అర్హత పోటీ అసలు ఉద్దేశమే అది. బలం లేని జట్టుకు ఓడిపోవడానికి చోటిచ్చి, ఓడుతూ నేర్చుకో, మళ్లీ రా అని చెప్పే ఏర్పాటు అది. ఇటలీ పురుషుల జట్టు ఈ మెట్లు ఎక్కే 2025లో మొదటిసారి ప్రపంచకప్ అర్హత సంపాదించింది.

ఈ ఏర్పాటు మీద నాకు కోపం లేదు. ఇంత ఓపిక మగవాళ్ల దగ్గరే ఎందుకు ఆగిపోతుందన్నదే నా ప్రశ్న.

ఆడవాళ్లకూ ప్రాంతీయ పోటీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కాని 2026 పురుషుల ట్వంటీ20 ప్రపంచకప్‌కు 20 జట్లు, అదే ఏడాది మహిళల ప్రపంచకప్‌కు 12 జట్లు. మెట్లు ఇద్దరికీ కట్టి, పైన తలుపు మాత్రం ఒకరికి వెడల్పుగా, ఇంకొకరికి ఇరుకుగా పెట్టారు. "వాళ్ల ఆటకు ఇంకా స్థాయి రాలేదు" అని సంజాయిషీ. ఆడనివ్వకుండా స్థాయి ఎక్కడి నుంచి వస్తుంది?

మన విజయవాడలోనే దీనికి జవాబు దొరుకుతుంది. 1997 డిసెంబరులో ఇక్కడ మహిళల ప్రపంచకప్ మ్యాచ్ ఒకటి జరిగింది. ఇంగ్లండు 376 పరుగులు చేసి పాకిస్తాన్‌ను చిత్తుగా ఓడించింది. పాకిస్తాన్ ఆడవాళ్లకు అదే మొదటి ప్రపంచకప్. స్వదేశంలో ఎన్నో అడ్డంకులు దాటుకుని వచ్చిన జట్టది. ఆ రోజు స్కోరు చూసి వీళ్లకు అర్హత లేదని కొట్టిపారేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అదే పాకిస్తాన్ మహిళలు 2010, 2014 ఆసియా క్రీడల ట్వంటీ20 పోటీల్లో బంగారు పతకాలు గెలిచారు. ఓడిపోయే హక్కు అంటే నేను చెప్పేది ఇదే.

ఇక గెలిచినా అర్హత దక్కని కథ వినండి. 2016 నవంబరులో మనకు దగ్గరే ఇబ్రహీంపట్నం మండలం మూలపాడులో భారత, వెస్టిండీస్ మహిళలు మూడు వన్డేలు ఆడారు. అవి 2017 ప్రపంచకప్‌కు అర్హత తేల్చే మ్యాచ్‌లు. ఎనిమిది జట్లలో మొదటి నాలుగూ నేరుగా వెళతాయి. మన అమ్మాయిలు మూడుకు మూడూ గెలిచారు. అయినా వెళ్లలేకపోయారు. అదే అర్హత పట్టికలో పాకిస్తాన్‌తో జరగాల్సిన మూడు మ్యాచ్‌లు జరగలేదు. ప్రభుత్వ అనుమతి రాలేదని మన బోర్డు అంది. ఆ కారణం చాలదని అంతర్జాతీయ క్రికెట్ మండలి, అంటే ఐ.సి.సి., ఆ పాయింట్లన్నీ పాకిస్తాన్‌కు రాసేసింది. మనవాళ్లకు మిగిలింది అయిదో స్థానం.

మైదానంలో చెమటోడ్చి తెచ్చిన పాయింట్లను ఫైళ్లలో పోగొట్టారు. అలా పోగొట్టిన గదుల్లో ఆ జట్టు అమ్మాయి ఒక్కరైనా కూర్చుందా? ఆ రోజుల్లో పాకిస్తాన్‌తో సిరీస్‌లు ఆడని మన మగవాళ్ల జట్టుకు ఒక్క ప్రపంచకప్ చోటు కూడా ప్రమాదంలో పడలేదు. ఆడవాళ్లు మాత్రం 2017 ఫిబ్రవరిలో కొలంబో వెళ్లి, పది జట్ల మధ్య మళ్లీ పరీక్షకు కూర్చున్నారు. ఫైనల్లో దక్షిణాఫ్రికాను ఒక్క వికెట్ తేడాతో ఓడించారు. జులైలో లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఆడి 9 పరుగుల తేడాతో ఓడారు. అప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. రెండోసారి పరీక్ష ఎందుకు రాయించారని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే.

అఫ్గానిస్తాన్‌లో జరిగింది ఇంతకన్నా ఘోరం. ఆ దేశపు పురుషుల జట్టు 2008లో ప్రపంచ క్రికెట్ లీగ్ అయిదో డివిజన్‌లో, అంటే అట్టడుగున మొదలైంది. అర్హత పోటీలు దాటుకుంటూ 2010లో ట్వంటీ20 ప్రపంచకప్‌కు చేరింది. 2017లో పూర్తి సభ్యత్వం పొందింది. 2024లో సెమీఫైనల్ ఆడింది. యుద్ధంలో నలిగిన దేశపు పిల్లల శ్రమను నేను తక్కువ చెయ్యను. కాని పూర్తి సభ్యత్వం కావాలంటే మహిళల జట్టూ ఉండాలని ఐ.సి.సి. నియమం. 2020 నవంబరులో 25 మంది అమ్మాయిలకు కాంట్రాక్టులు ఇచ్చారు. 2021 ఆగస్టులో తాలిబాన్లు వచ్చారు. అమ్మాయిలకు ఆట పోయింది, హైస్కూలు చదువూ పోయింది. ఆ క్రీడాకారిణుల్లో చాలామంది ఆస్ట్రేలియాలో తలదాచుకున్నారు. పురుషుల జట్టు సభ్యత్వం మాత్రం చెక్కుచెదరలేదు.

ఐ.సి.సి.కి చర్య తీసుకోవడం తెలియదా? వర్ణవివక్ష పాటించిన దక్షిణాఫ్రికా 1970 నుంచి 1991 దాకా అంతర్జాతీయ క్రికెట్‌కు దూరంగా ఉండాల్సి వచ్చింది. ప్రభుత్వ జోక్యం ఉందని ఐ.సి.సి. 2019లో జింబాబ్వేను, 2023లో శ్రీలంకను సస్పెండ్ చేసింది. ఆ దెబ్బకు, ఆఫ్రికా ప్రాంతీయ అర్హత పోటీ గెలిచి వచ్చిన జింబాబ్వే మహిళలు కూడా చోటు పోగొట్టుకున్నారు. అంటే బోర్డు కుర్చీల్లో ప్రభుత్వం వేలు పెడితే అది జోక్యం. దేశంలో సగం మందిని మైదానం నుంచి గెంటేస్తే మాత్రం అది ఆ దేశపు ఆచారం!

"మగవాళ్లను వెలివేస్తే ఆడవాళ్లకు ఒరిగేదేమిటి?" అని కొందరు నిజాయితీగానే అడుగుతారు. దానికి ఆ అమ్మాయిల మాటే వినాలి. 2024లో వాళ్లు ఐ.సి.సి.కి ఉత్తరం రాసి, ఆస్ట్రేలియాలో శరణార్థి జట్టుగా ఆడే వీలు కల్పించమని అడిగారు. 2025 ఏప్రిల్‌లో ఐ.సి.సి. వాళ్లకు నిధి, శిక్షణ ప్రకటించింది. మంచిదే. కాని సహాయం వేరు, గుర్తింపు వేరు. సహాయం ఇచ్చేవాడి దయ మీద ఆధారపడి ఉంటుంది. గుర్తింపు ఉంటే పట్టికలో పేరుంటుంది, ఓడినా మళ్లీ పిలుపు వస్తుంది.

ఇదంతా దుబాయ్ ఆఫీసుల్లో, కాబూల్ వీధుల్లో జరిగే సంగతి అనుకోకండి. గుణదలలో మేరీమాత కొండ కింది వీధుల్లో నేను కిశోర బాలికల బృందాలతో పనిచేస్తున్నాను. ఆదివారం పొద్దున ఏ ఖాళీ స్థలం చూసినా మగపిల్లలే. బ్యాటు పట్టడం చేతకాని కుర్రాడిని కూడా బౌండరీ దగ్గర నిలబెడతారు. వాడు పది క్యాచులు వదిలేసి పదకొండోది పడతాడు. అలా ఆటగాడవుతాడు. ఆడపిల్ల మొదటి క్యాచ్ వదిలితే చాలు, "ఇంటికి పోయి అంట్లు తోముకో" అంటారు. ఒక బడిలో వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకు మైదానం ఇమ్మని అడిగాను. "ముందు జట్టు తయారుచేసుకు రండి మేడమ్, అప్పుడు చూద్దాం" అన్నారు. మైదానం లేకుండా జట్టు ఎక్కడ తయారవుతుంది, వంటింట్లోనా?

సంక్రాంతికి మన కృష్ణా డెల్టా ఊళ్లలో చూడండి. మగవాళ్లకు క్రికెట్ టోర్నమెంటు, ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. మగవాళ్ల పోటీకి చందాలు ఇచ్చే ఇళ్లలో ఆడవాళ్ల సంపాదనా ఉంది. క్యాంపుకు వెళ్లే కొడుకు కోసం తెల్లవారుజామున లేచి టిఫిను కట్టేది, మట్టిపట్టిన బట్టలు ఉతికేది తల్లి, చెల్లెలు. ఆ చెల్లెలికి బంతి అందదు. పెద్దమనిషి అయిందంటే ఇక గుమ్మం దాటడానికే సంజాయిషీ చెప్పుకోవాలి.

"శ్రీచరణి లేదా?" అంటారు. ఉంది, మనందరికీ గర్వకారణం. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో కడప జిల్లా అమ్మాయి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆమె వాటికి తగినదే. అదే ఏడాది అక్టోబరులో విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక ద్వారానికి మన విజయవాడ వికెట్ కీపర్ రవి కల్పన పేరు పెట్టారు. ఆటో డ్రైవర్ కూతురు ఆమె. ద్వారానికి ఆడపిల్ల పేరు పెట్టడం సంతోషమే. మా వీధి పిల్లలకు బడి మైదానం ద్వారం ఎప్పుడు తెరుస్తారు? గెలిచి వచ్చినవాళ్లకు ఇచ్చేది బహుమానం. గెలుస్తుందో లేదో తెలియని పిల్లకు ఇచ్చేదే హక్కు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. మహిళల జట్టును ఆడనివ్వని దేశపు పురుషుల జట్టుకు ఏ అర్హత పోటీలోనూ మినహాయింపు ఉండకూడదు. వెళ్లగొట్టిన క్రీడాకారిణులను జట్టుగా గుర్తించాలి. మహిళల అర్హతను దెబ్బతీసే నిర్ణయాలు చేసే ప్రతి కమిటీలో ఆడిన స్త్రీలు ఉండాలి. ఇక్కడ, మునిసిపాలిటీ, పంచాయతీ, బడి మైదానాల్లో ఆడపిల్లలకు కేటాయించిన వేళలు బోర్డు మీద రాసి పెట్టాలి. మరుగుదొడ్డి, నీళ్లు, దీపాలు, మహిళా కోచ్ ఉండాలి.

మీమీ ఊళ్లలో సంఘాల సమావేశాల్లో ఈ ఒక్క ప్రశ్న పెట్టండి: మన మైదానం వారంలో ఎన్ని గంటలు ఎవరిది? లెక్క రాసి అధికారుల ముందు పెట్టండి. వచ్చే సంక్రాంతి టోర్నమెంటుకు చందా అడగడానికి వచ్చినవాళ్లను, ఆడపిల్లల మ్యాచ్ ఎప్పుడని అడిగి, అది పెట్టాకే చందా ఇవ్వండి. మొదటి ఏడు మన పిల్లలు క్యాచులు వదిలేస్తారు, ఓడిపోతారు, చూసేవాళ్లు నవ్వుతారు. ఓడనివ్వండి. రెండో ఏడూ పిలవండి.