వ్రాతకు వెల యడుగుట తప్పగునా?



ఇంటనుండి కథలు, వ్యాసములు, పాటలు వ్రాసి పత్రికలకు పంపు సోదరీమణులు మాకు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న మఱల మఱల వచ్చుచున్నది. "మా రచన అచ్చుపడినది. సంచిక చేతికి వచ్చినది. పైకము మాత్రము రాలేదు. అడిగినచో మర్యాదకు లోపమగునేమో!" అని. కొంద ఱింకొక మెట్టు పైకెక్కి, "సరస్వతిని అమ్ముకొనవచ్చునా?" అని యడుగుచున్నారు. ఈ నెల ఈ ప్రశ్నకే సమాధానము చెప్పదలచితిమి.

సరస్వతి నమ్ముట యను మాట వచ్చినప్పుడెల్ల పోతన పేరు చెప్పుట పరిపాటి. ఆ మహానుభావుడు భాగవతమును రాజుల కీయక దేవునికే యర్పించెననుట మన కెల్లరకు గర్వకారణము. కాని ఆయన పొలము దున్నుకొని బ్రదికెనని చెప్పు ఐతిహ్యమును మనము సగము విని సగము విడుచుచున్నాము. మన నెల్లూరి తిక్కన సోమయాజి భారతమున పదునైదు పర్వములను తెనిగించి హరిహరనాథున కంకిత మిచ్చెను. ఆయనయు మనుమసిద్ధి కొలువున మంత్రియై యుండినవాడే. పద్యమునకు వెల గొననివారికి గ్రాసమునకు వేఱు త్రోవ యుండెనన్నమాట. అత్తగారి మందులు, పిల్లల చదువులు, పాలవాని లెక్క చూచుకొని, రాత్రి మిగిలిన గంటలో వ్రాయు గృహిణికి ఆ వేఱు త్రోవ యేది? భర్త జీతము భర్త కష్టఫలము. మన వ్రాత మన కష్టఫలము. ఇష్టపడి యిచ్చినచో అది దానము. సిగ్గుపడి పోగొట్టుకొన్నది దానము కాదు.

మనము వాడు మాటలోనే ఒక చిక్కు కలదు. రచనకు వచ్చు సొమ్మును 'పారితోషిక' మందుము. పరితోషము చెంది యిచ్చునది పారితోషికము. అనగా ఇచ్చువారి సంతోషముపై ఆధారపడినది. బట్టలు కుట్టినవానికి మన మిచ్చునది కూలి గాని పారితోషికము కాదు గదా! రచనకు వచ్చునది ప్రతిఫలమని మన మనస్సులో స్థిరపడినచో అడుగుటకు నోరు దానియంతట అదియే వచ్చును.

ఈ సొమ్ము ఎవరిదను ప్రశ్నయు చిన్నది కాదు. పూర్వస్మృతులలో కాత్యాయనుడు, స్త్రీ శిల్పములచే నార్జించిన ధనము భర్త స్వాధీనమున నుండునని చెప్పెను. తరువాత 1874లో దొరలు చేసిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టమున, సాహిత్య కళాశాస్త్ర నైపుణ్యముచే భార్య గడించినది ఆమె సొంతమని స్పష్టముగ వ్రాయబడినది. చదువగానే మనకు సంతోషము కలుగును. కాని ఆ చట్టమే, వివాహకాలమున హిందూ, మహమ్మదీయ, బౌద్ధ, సిక్కు, జైన మతములలో నున్న స్త్రీలకు ఈ రక్షణ వర్తింపదనియు చెప్పినది! మఱి 82 ఏండ్లు గడచిన పిమ్మట, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షనున, స్త్రీ తన నేర్పుచేతను శ్రమచేతను సంపాదించినది సంపూర్ణముగ ఆమెదేయని నిర్ణయించినది. మన పాతతరమువారికి లేని యీ భాగ్యము మనకు కలదు. కావున బ్యాంకు ఖాతా మీ పేరనే తెఱవుడు. ఇంటి యవసరమునకు మీరే తీసి యిత్తురుగాక; కాని యిచ్చు చేయి మీదై యుండవలెను.

ఇక రచనపై హక్కు మాట. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము వ్రాసినవారే తొలి హక్కుదారులు. పత్రికలో ఉద్యోగము చేయువారి నియమము వేఱు. ఇంటనుండి స్వతంత్రముగ వ్రాయువారికి హక్కు తమదే. దీనికై రిజిస్టరు చేయించి తీరవలయునను నిర్బంధము లేదు. రచయిత్రి జీవితకాలమును, ఆమె గతించిన పిమ్మట 60 ఏండ్లును ఈ హక్కు నిలుచును. అనగా మీ కథ మీ మనుమరాలికి కూడ మిగులు సొత్తు. కాసులపేరు నడిగినవారికెల్ల ఇచ్చివేయుదుమా?

మే మెఱిగిన ఒక సోదరి కథ వినుడు. ఆమె కథల సంపుటికై ఒక ప్రచురణకర్త కాగితము పంపెను. 'సర్వహక్కులు' అను మాట చూచియు, పుస్తకము వచ్చుచున్నదన్న యానందమున ఆమె సంతకము పెట్టినది. కొన్నాళ్లకు ఆ కథలనే ఎవరో చదివి వినిపించుచుండగా ఫోనులో తన మాటలు తానే విన్నది. ఆమెకు కాసు రాలేదు; వారెవరికి ఇచ్చిరో, ఎంత కిచ్చిరో తెలియరాలేదు. ఆమె దుఃఖము డబ్బునకు మాత్రమే కాదు. "నా బిడ్డను నేను అడుగవలసి వచ్చె" నని.

కావున సంతకమునకు ముందు నాలుగు సంగతులు చూచుకొనుడు. మొదటిది, హక్కును బదిలీచేయుట వ్రాతమూలముగ, సంతకముతో జరిగిననే చెల్లును. ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రదేశమునకు, ఎంత ప్రతిఫలమునకు అనునవి అందుండవలెను. రెండవది, కాలము వ్రాయనిచో 5 ఏండ్లనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశము వఱకేననియు చట్టము గ్రహించును. మూడవది, వేఱుగ నొప్పుకొననిచో, తీసికొన్న హక్కును ఏడాదిలో వాడుకొననియెడల అది రద్దగును. నాలుగవది, హక్కు లమ్మినను రచన మీదని చెప్పుకొను అధికారము మీయందే యుండును. మీ పేరు తీసివేయుట కెవరికిని అధికారము లేదు.

పత్రికకు రచన పంపునప్పుడు ఒక వాక్యము చేర్చుట మేలు: "ఈ రచనను మీ పత్రికలో ఒకమాఱు ప్రచురించుటకు అనుమతించుచున్నాను, తక్కిన హక్కులు నావి." హామీపత్రమును సంపాదకు లడుగుదురు. రచన సొంతమనియు, అనువాదము గాని అనుకరణ గాని కాదనియు, ఎక్కడను అచ్చు కాలేదనియు, ఇంకొకచోట పరిశీలనలో లేదనియు అందు వ్రాయుదుము. ఆ మాట నిజమై యుండవలెను. ఒకే కథను ఇద్దఱికి పంపుట ఒకే పిల్లకు రెండు ముహూర్తములు పెట్టుట వంటిది.

ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనుడు. చాకలిపద్దువలె గడులు గీసి, రచన పేరు, పంపిన తేదీ, పంపిన పత్రిక, వచ్చిన జవాబు, అచ్చయిన సంచిక, అందిన సొమ్ము వ్రాయుడు. పంపిన ప్రతిదానికిని నకలు దాచుడు. ఈమెయిలును, వాట్సాపులో వచ్చిన మాటను కూడ తుడిచివేయవలదు. మూడు నెలలు గడచినను పలుకు లేనిచో మర్యాదగ ఒక జాబు వ్రాసి, అప్పటికిని బదులు రానియెడల "ఉపసంహరించుకొనుచున్నాను" అని తెలిపి వేఱొకరికి పంపుడు. దీపావళి సంచికకు దీపావళినాడు వ్రాయుట పెండ్లినాడు అప్పడములు ఒత్తుటయే. మూడు నాలుగు నెలలు ముందే పంపవలెను. "మీ కథను సంకలనములో చేర్చుదుము, ఇన్ని ప్రతులు కొనుడు" అని వచ్చు పిలుపు వేఱు; అచ్చట రచయిత్రి విక్రేత కాదు, గిరాకి.

నకలు దాచుట యను మాటకు మన జిల్లాలోనే దృష్టాంతము కలదు. 1892లో పుట్టి, ఇంటనే చదువుకొని, 1923లో నెల్లూర కస్తూరిదేవి విద్యాలయమును నెలకొల్పిన పొణకా కనకమ్మగారు తమ జీవితకథను వ్రాసి యుంచిరి. 1963లో ఆమె గతించిన చాలకాలమునకు గాని 'కనకపుష్యరాగం' అచ్చు కాలేదు. ఆ వ్రాతప్రతి చెదలపాలై యున్నచో ఒక జీవితమే మనకు అందకుండెడిది.

ఇంతకును, వ్రాత మనది కావలెనన్నచో విషయమును మనదై యుండవలెను. 2021 మే నెలలో ఆనందయ్యగారి మందుకై మా కృష్ణపట్టణమునకు వేలకొలది జనులు రాగా, ఎక్కడెక్కడి పత్రికలవారో వచ్చి మా యూరినిగూర్చి వ్రాసిపోయిరి. ఊరిలోని స్త్రీలు మాత్రము చూచినదానిని వ్రాయలేదు. అట్టి సమయమున వ్రాయువారు కన్నది, విన్నది, తలచినది మూడు వేఱువేఱుగ చెప్పవలెను. రోగికి ప్రాణముతో పని, పుకారు వ్రాసిన కలము బాధ్యత తప్పించుకొనలేదు. మందు మాట యటుంచుడు. కండలేరు సముద్రమున గలియు చోట పడవలరాక కెదురుచూచు బెస్త స్త్రీల లెక్కలు, రొయ్యలగుంట కరువు చూచి నిర్ణయమగు పెండ్లి ఖర్చులు, 2008లో కొత్త ఱేవు తెఱచిన పిదప మాఱిన యింటి అద్దెలు, ఇవి మద్రాసునుండి వచ్చినవారికి ఒక్కనాటిలో తెలియవు. ఇవి మన సొత్తు.

అడుగు జాబు ఎట్లుండవలె నందురా? ఇట్లు వ్రాయుడు: "అయ్యా, నా రచన మీ ఫలానా నెల సంచికలో అచ్చుపడినందుకు కృతజ్ఞురాలను. ప్రతిఫల విషయమై మీ కార్యాలయపు పద్ధతి తెలుపగోరెదను. బ్యాంకు వివరములు జతపఱచితిని." ఇందు కోపము లేదు, ప్రాధేయపాటు లేదు. కొన్ని పత్రికలు సొమ్మీయజాలక సంచిక మాత్రమే పంపును. ఆ సంగతి ముందే తెలిసినచో, అచ్చోటికి ప్రీతితోనే వ్రాయవచ్చును. తెలియకుండుటయే కష్టము.

ఈ నెలలోనే నోటుపుస్తకము కొని, ఇంతవఱకు అచ్చయిన మీ రచనల నన్నిటిని అందు వరుసగ వ్రాయుడు. ఎన్ని యున్నవో చూచి మీరే యాశ్చర్యపడుదురు. రావలసినది ఒక్కటున్నను ఈ జాబు నేడే పోస్టున వేయుడు.