శాస్త్రీయ నామాన్ని బట్టీ పట్టకండి, చదవండి

జీవవైవిధ్యం అనగానే చాలామంది అభ్యర్థులు జాతుల జాబితాలు బట్టీ పడతారు. అది వృథా శ్రమ అని నా అభిప్రాయం. గన్నేరు హాక్‌మాత్‌నే తీసుకోండి. లెపిడోప్టెరా క్రమం, స్ఫింజిడే కుటుంబం. 1758లో లిన్నేయస్ దీనికి స్ఫింక్స్ నెరీ అని పేరు పెట్టాడు. ఇప్పుడది డాఫ్నిస్ నెరీ. ప్రజాతి మారింది, జాతి పేరు నిలిచింది. అందుకే లిన్నేయస్ పేరు, సంవత్సరం ఇప్పుడు బ్రాకెట్లలో రాస్తారు.

'నెరీ' అంటే గన్నేరుకు చెందినదని. విస్తరణ కూడా ఆ మాటతోనే మొదలవుతుంది. దీని గొంగళిపురుగు విషపు గన్నేరు ఆకులు తింటుంది, నందివర్ధనాన్నీ వదలదు. ఆఫ్రికా, దక్షిణాసియాల్లో స్థిరంగా ఉంటుంది. వేసవిలో ఐరోపాకు వలస పోతుంది, కానీ అక్కడి ఉత్తర ప్రాంతాల చలికాలానికి తట్టుకోలేదు. హవాయికి మనుషుల వల్ల చేరింది.

ఆహారం, వాతావరణం, వలస, మానవ ప్రమేయం: ఏ జీవి విస్తరణ అడిగినా మెయిన్స్ జవాబును ఈ నాలుగింటిపై నిలబెట్టండి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో శాస్త్రీయ నామాలు కూడా ఉంటాయి. పట్టుబడింది ఏ జాతో తేల్చలేకపోతే కేసు నిలవదు. రేపు ఆ చట్టాన్ని అమలు చేయాల్సింది మీరే.